పిన్నిగారి రష్యా

పొయ్యి మీద మనుషులు పడుకునే దేశం ఒకటుందని నాకు మొదట చెప్పింది పిన్నిగారు. పటమటలో మా ఇంటి మేడమీది పోర్షన్‌లోకి ఆవిడ అద్దెకు దిగిన వారం రోజులకి అనుకుంటాను. మే నెల. కరెంటు లేదు. డాబా మీద నీళ్లు చల్లి, చాప పరుచుకుని ఇద్దరం విసనకర్రలతో కూర్చున్నాం.

"గోడంత పొయ్యి అమ్మాయ్. ఇటుకలతో కడతారు. లోపల మంట, పైన పడక. ముసలాళ్లూ పిల్లులూ దాని మీదే నిద్రపోతారు."

"కాలదా పిన్నిగారూ?"

"మైనస్ ముప్ఫైలో ఒక్కరోజు ఉండి చూడు. కాలుతుందో లేదో నీకే తెలుస్తుంది," అన్నారు, నిన్ననే అక్కడి నుంచి దిగిన మనిషిలా.

ఆవిడ తన జీవితంలో వెళ్లిన అతి దూరపు ఊరు హైదరాబాదు అని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

పోయిన నెల పిన్నిగారు కన్నుమూశారు. చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెడుతూ పాస్టరు గారు నన్ను పిలిచి, "మీ ఇంట్లో ఇరవై ఏళ్లున్నారు కదమ్మా, ఆవిడ గురించి నాలుగు మాటలు రాసివ్వండి, చదువుతాం," అన్నారు. రాశాను. పామర్రుకీ కూచిపూడికీ మధ్య ఒక పల్లెలో పుట్టారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై నాలుగేళ్లు ఉద్యోగం చేశారు. పెళ్లి చేసుకోలేదు. అక్కడితో ఆగిపోయాను. రాసిన దాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. పిన్నిగారు కూడా లేరు. పాస్టరు గారికి ఆ మూడు వాక్యాలే ఇచ్చేసి, మిగిలింది ఇక్కడ రాసుకుంటున్నాను. మిగిలిన దాంట్లో నేను చేసిన తప్పు ఒకటుంది. అది చర్చిలో చదివించగలిగేది కాదు.

పిన్నిగారు సన్నగా, పొడుగ్గా ఉండేవారు. కళ్లజోడు కంటే చెవుల మీదే ఎక్కువ నమ్మకం. మనం మాట్లాడుతుంటే మొహంలోకి చూడరు. తల కొంచెం పక్కకి వంచి, కుడి చెవి మనవైపు పెట్టి వింటారు. ఎక్స్ఛేంజిలో ఊరికీ ఊరికీ ట్రంకు కాల్స్ కలిపిన రోజుల అలవాటు. ఏ నంబరు చెప్పినా తిరిగి అప్పజెప్పి గానీ రాసుకోరు. నేను మెట్ల దగ్గర నిలబడి ఎవరితోనైనా ముచ్చట్లు సాగదీస్తుంటే పైనుంచి, "మూడు నిమిషాలైందండీ, పొడిగించమంటారా?" అని ట్రంకు కాల్ ఆపరేటరు లెక్కన వినిపించేది. పైకి చూస్తే నవ్వకుండా బట్టలు ఆరేసుకుంటూ ఉండేవారు.

పొద్దున్నే కాఫీ కంటే ముందు ఆవిడకి కావాల్సింది రష్యా వాతావరణం. ఒకప్పుడు మాస్కో నుంచి తెలుగులో వచ్చే రేడియోలో వినేవారట. తర్వాత ఫోనులో చూసుకోవడం నేర్చుకున్నారు. "ఈవేళ అక్కడ మైనస్ పంతొమ్మిది," అంటూ మెట్లు దిగేవారు. అలా అనేటప్పుడు, మార్చి ఎండలో కూడా, కొంగు భుజాల చుట్టూ కప్పుకునేవారు. ఆ సంగతి ఆవిడకి తెలియదు. మేమెవరమూ చెప్పలేదు.

ఆవిడకి ఆ దేశం అంటుకున్నది నాలుగో తరగతిలో. వాళ్ల నాన్న కౌలు రైతు. కొడవళ్లూ తాళ్లూ కొనడానికి పామర్రు వెళ్తే బస్టాండులో పుస్తకాల వ్యాను ఆగి ఉందట. ఆయనకి చదువు రాదు. అట్ట మీద బొమ్మ నున్నగా మెరుస్తోందని ఒకటి కొనుక్కొచ్చారు. గడ్డకట్టిన నది మీద ఒక పిల్ల, వాళ్ల తాత బూట్లు చంకలో పెట్టుకుని నడుస్తూ ఉంటుంది. చుట్టూ అంతా తెలుపు.

"ఆ ఊళ్లో ఎక్కడ చూసినా సున్నం కుమ్మరించుకున్నారేంటే?" అన్నారట ఆయన.

"సున్నం కాదు నాన్నా, మంచు. నది గడ్డ కట్టింది."

"నది గడ్డ కట్టడమేంటి? కృష్ణ మీద ఎడ్లబండి తోలుకెళ్లినట్టా?"

"ఆ, అట్టాగే."

ఆయన చాలాసేపు ఆ బొమ్మ వంక చూసి, "అయితే పడవ వాళ్లు ఏం తింటారు?" అని అడిగారట. ఆ ప్రశ్నకి జవాబు ఏ పుస్తకంలోనూ దొరకలేదని పిన్నిగారు అంటుండేవారు. దొరక్కపోవడం వల్లే ఇంకో పుస్తకం, దాని తర్వాత ఇంకో పుస్తకం చదువుతూ పోయారు. ఆ వ్యాను పామర్రు వచ్చినప్పుడల్లా తండ్రి ఒక పుస్తకం తెచ్చేవారు. అన్నీ తెలుగులోకి తెచ్చిన రష్యా కథలే. పాత క్యాలెండరు కాగితాలతో అట్టలు వేసి, ఒక బీరువా అర నిండా పేర్చుకున్నారు. ఉద్యోగంలో చేరాక గవర్నరుపేటలో ఎవరో రష్యన్ పాఠాలు చెబుతున్నారంటే సాయంత్రాలు వెళ్లారు. రెండు నెలలకే ఆ మాష్టారు ఊరు విడిచి వెళ్లిపోతే, మిగతాదంతా ఒక పాఠాల పుస్తకం, ఒక డిక్షనరీ పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నారు. ఒక్క రష్యా మనిషితో కూడా మాట్లాడకుండా నలభై ఏళ్లు ఆ భాష చదువుకున్నారు.

క్యాబేజీ చారు కూడా పుస్తకం చూసే పెట్టేవారు. మొదటిసారి నాకు గిన్నెడు పంపారు. నోట్లో పెట్టుకుంటే గోరువెచ్చని నీళ్లలో క్యాబేజీ ముక్కలు నమిలినట్టుంది. మర్నాడు నన్ను అడగకుండానే దానికి ఆవాలు, కరివేపాకు, ఎండుమిర్చి తాలింపు పెట్టి మళ్లీ పంపారు. "వాళ్లకి అన్నీ తెలుసు గానీ అమ్మాయ్, పోపు ఒక్కటి తెలియలేదు," అన్నారు.

"ఇంత ఇష్టమైతే ఒక్కసారి వెళ్లి రావచ్చుగా పిన్నిగారూ?" అని ఒకరోజు అడిగాను. రిటైరైనప్పుడు పాస్‌పోర్టు కూడా తీసుకున్నారు. ఒక్క ముద్ర కూడా పడకుండానే దాని గడువు అయిపోయింది.

"భయం," అన్నారు.

"ఒక్కరే వెళ్లాలనా?"

"అది కాదు. అక్కడ బస్సులో ఎవరైనా నన్ను విసుక్కున్నారనుకో. దుకాణంలో మొహం తిప్పుకున్నారనుకో. ఇంటికొచ్చి ఈ పుస్తకాలన్నీ మళ్లీ ఎట్టా చదవను?"

మా అమ్మాయి లహరికి రెండేళ్లప్పుడు పిన్నిగారు ముందుగానే రిటైర్మెంటు తీసుకుని మా ఇంటికి వచ్చారు. నేను బ్యాంకు నుంచి వచ్చేదాకా లహరి పైనే ఉండేది. రష్యా అమ్మమ్మ అని పిలిచేది. ఆ బీరువా అరలోని పుస్తకాలన్నీ ఒక్కొక్కటే ఆవిడ ఒళ్లో కూర్చుని విన్నది, తర్వాత తనే చదివింది. పెద్దయ్యాక డాక్టరు కావాలనుకుంది. ఇక్కడ సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. బెంజి సర్కిల్ దగ్గర ఒక కన్సల్టెన్సీకి వెళ్తే వాళ్లు నాలుగైదు దేశాల కాగితాలు టేబుల్ మీద పరిచారు. నేనూ మావారూ ఇంకా కళ్లజోళ్లు సర్దుకుంటుండగానే లహరి ఉక్రెయిన్ కాగితం మీద వేలు పెట్టింది. "రష్యా అమ్మమ్మ పుస్తకాల్లో ఊళ్లన్నీ ఇక్కడివే అమ్మా. అక్కడ మంచు ఉంటుంది," అంది.

పిన్నిగారికి ఆ సంగతి చెబితే చిన్నపిల్లలా సంబరపడ్డారు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కారు. కానీ సాయంత్రానికి కిందికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డారు.

"అమ్మాయ్, నేను దానికి చెప్పినవన్నీ పుస్తకాల్లోవి. నేను కళ్లతో చూసింది ఏమీ లేదు. అది మర్చిపోకుండా ఆలోచించుకోండి."

"ఏమవుతుంది పిన్నిగారూ, వేలమంది చదువుతున్నారు," అన్నాను.

డిసెంబరులో లహరి వెళ్లింది. వెళ్లిన వారానికి పిన్నిగారు దాన్ని ఒకే ఒక్క కోరిక కోరారు. మంచు మీద నడుస్తున్న చప్పుడు రికార్డు చేసి పంపమన్నారు. అది పంపింది. ఫోను చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని ఎన్నిసార్లు విన్నారో లెక్కలేదు. చివరికి, "రైసుమిల్లు వెనక ఊక గుట్ట మీద నడిచినట్టుంది. అరవై ఏళ్లనుంచి ఎట్టా ఉంటుందో అనుకుంటున్నాను. ఇదా!" అన్నారు.

ఫిబ్రవరి చివర్లో యుద్ధం మొదలైంది.

మా టీవీ ముందుకి వచ్చి కూర్చున్న పిన్నిగారి మొహం నాకింకా గుర్తే. తెర మీద మ్యాపులు, బాణాలు, పొగ. ఏ దేశం సైన్యం ఏ దేశం మీదికి వస్తోందో యాంకరు మళ్లీ మళ్లీ చెబుతున్నాడు. పిన్నిగారు రిమోటు తీసుకుని సౌండు పూర్తిగా తగ్గించేశారు. మర్నాటి నుంచి ఉష్ణోగ్రత చెప్పడం మానేశారు. మెట్లు దిగేటప్పుడు, "మాట్లాడిందా?" అని మాత్రం అడిగేవారు.

లహరి ఉన్నది తూర్పున, బాంబులు పడుతున్న పట్నంలో. అక్కడ ఎక్కువమంది మాట్లాడేది రష్యనే. సీనియర్లు ముందే దొరికిన బస్సుల్లో వెళ్లిపోయారు. మొదటి సంవత్సరం పిల్లలు నలుగురు హాస్టలు బేస్‌మెంటులో ఉండిపోయారు. వెళ్లి మూడు నెలలు కూడా కాలేదు, వాళ్లకి భాష రాదు. మావారు రోజంతా ఢిల్లీ నంబర్లకి ఫోన్లు చేస్తూనే ఉన్నారు. నాకు అన్నం దిగేది కాదు. ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం.

ఆరో రోజు సాయంత్రం ఏడున్నరకి లహరి ఫోను చేసింది. అక్కడ నాలుగు గంటలు.

"అమ్మా, మమ్మల్ని లోపల పెట్టి తాళం వేసేసింది!"

"ఎవరే?"

"హాస్టలు వార్డెన్. ముసలామె. స్టేషన్లో రైలుంది, వెంటనే నడిచి రమ్మని కన్సల్టెన్సీ వాళ్లు మెసేజ్ పెట్టారు. ఈమె తలుపు తియ్యట్లేదు. అరుస్తోంది. ఏమంటోందో అర్థం కావట్లేదు!"

ఫోను పట్టుకుని మేడ మీదికి పరిగెత్తాను. పిన్నిగారు బియ్యం ఏరుతున్నారు. సంగతి విని, చేతులు కొంగుకి తుడుచుకుని, ఫోను తీసుకున్నారు. అంత భయం ఆ మొహంలో నేను ఎప్పుడూ చూడలేదు. నలభై ఏళ్లు చదువుకున్న భాషలో మొదటి మాట బతికున్న మనిషితో మాట్లాడాలి. తప్పు మాట్లాడితే పోయేది నా కూతురు.

"లహరీ, ఫోను ఆమెకివ్వమ్మా," అన్నారు. తర్వాత వీపు నిటారుగా చేసుకుని, నాకు తెలియని గొంతుతో మొదలుపెట్టారు. ఎక్స్ఛేంజిలో కూర్చున్నప్పటి గొంతు అదే అయ్యుంటుంది. నెమ్మదిగా, స్పష్టంగా, ఏ మాటకా మాట విడివిడిగా.

అవతల కేకలు ఆగిపోయాయి. తర్వాత ఆ ముసలామె ఏదో అంది. ఆమె ఏమందో పిన్నిగారు నాకు తర్వాత చెప్పారు. "ఎవరు నువ్వు? మా నాయనమ్మ కథ చెబుతున్నట్టు మాట్లాడుతున్నావు," అందట.

పిన్నిగారు కుడి చెవి ఫోనుకి నొక్కిపెట్టి, ఎడమ చేత్తో పెన్సిలు పట్టుకుని, క్యాలెండరు వెనక రాస్తూ విన్నారు. మధ్యలో ఆపి మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ ఆపారు. ఉన్నట్టుండి లైను తెగిపోయింది.

"ఏమంది పిన్నిగారూ? ఏమంది?"

"ఆగు. తొందరపెట్టకు. నాకు అర్థమైందీ చెబుతాను, కానిదీ చెబుతాను." కాగితం వంక చూశారు. "తాళం తనే వేసిందంట. ఇప్పుడు రోడ్డు మీదికి పోతే కాలుస్తారంది. ఎవరు కాలుస్తారో అర్థం కాలేదు. ఆరు అంది. ఆరింటికా, ఆరింటి దాకానా, తెలియలేదు. వాళ్ల తమ్ముడికి వ్యానుంది. అది అర్థమైంది. కమెందాంత్‌స్కీ చాస్ అని రెండుసార్లు అంది. చాస్ అంటే గంట. కమాండెంట్ గంట. అదేం గంటో నాకు తెలియదు. ఆ మాట నా పుస్తకాల్లో లేదు."

ఫోను మళ్లీ మోగింది. లహరి ఏడుస్తోంది. "అమ్మా, బాత్రూము కిటికీలోంచి బయటికి దూకచ్చు. రైలు వెళ్లిపోతుందంట. మిగతావాళ్లు వెళ్దామంటున్నారు. ఏం చెయ్యమంటావు?"

నేను పిన్నిగారి వంక చూశాను.

"వద్దను," అన్నారు.

"మీకు ఖచ్చితంగా తెలుసా?"

"తెలియదు."

"తెలియకుండా ఎట్టా చెబుతారండీ? అది నా బిడ్డ!"

"మాటలు సగమే అర్థమయ్యాయమ్మా. గొంతు మాత్రం అర్థమైంది. ముప్ఫై నాలుగేళ్లు గొంతులే విన్నాను నేను. ఆవిడ మన పిల్లల మీద అరవట్లేదు. పిల్లలకి ఏమవుతుందోనని అరుస్తోంది. వద్దను."

ఆవిడ చెయ్యి నా మణికట్టు మీద ఉంది. తెలియదని తనే అన్నారు. అది విని నాకు నమ్మకం పోవాలి. ఎందుకో పోలేదు. "వెళ్లొద్దు లహరీ. ఆమె చెప్పినట్టు చెయ్యండి. ఎవర్నీ వెళ్లనివ్వకు," అన్నాను. అంతలో ఫోను ఆగిపోయింది.

మర్నాడు మనకి తొమ్మిదిన్నర అయితే వాళ్లకి పొద్దున్న ఆరు. తొమ్మిదిన్నర అయింది. పది అయింది. లహరి ఫోను స్విచాఫ్. మిగతా ముగ్గురి ఫోన్లూ స్విచాఫ్. వార్డెన్ నంబరు మా దగ్గర లేదు. పదిన్నరకి పిన్నిగారు డిక్షనరీ పట్టుకుని కిందికి వచ్చారు. రాత్రంతా దాన్నే తిరగేసినట్టున్నారు, కళ్లు ఉబ్బి ఉన్నాయి. కానీ మొహం వెలిగిపోతోంది.

"దొరికిందమ్మాయ్! కర్ఫ్యూ! కమెందాంత్‌స్కీ చాస్ అంటే కర్ఫ్యూ. పొద్దున్న ఆరింటి దాకా బయటికి రాకూడదు. అదీ ఆవిడ చెప్పింది. మనం చేసింది సరైందే."

అప్పుడు నేనన్న మాటలు ఇవి. ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"మీ డిక్షనరీ తీసుకెళ్లి ఆ బీరువాలో పెట్టుకోండి. మీ పుస్తకాల పిచ్చే లేకపోతే నా పిల్ల ఆ దేశం మొహం చూసేదా? మంచు అంట, పొయ్యి మీద పడకంట! ఊరూపేరూ తెలియని చోటికి నా పిల్లని పంపించింది మీరే!"

మావారు లేచి, "ఏంటా మాటలు?" అన్నారు. పిన్నిగారు డిక్షనరీ మూసేశారు. "నిజమే," అన్నారు. ఆ ఒక్క మాటే. ఉక్రెయిన్ మాట విన్న రోజునే నన్ను హెచ్చరించిన సంగతి ఎత్తలేదు. బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చున్నారు. పైకి వెళ్లలేదు. మధ్యాహ్నం మావారు పిలిస్తే భోజనానికి రాలేదు. చీకటి పడ్డాక వెళ్లి, తెల్లారేసరికి మళ్లీ అదే మెట్టు మీద ఉన్నారు. ఇంట్లో ఫోను మోగితే వినపడే చోటు అది. లోపలికి రావడానికి మొహం చెల్లని మనిషి కూర్చోగల చోటూ అదే.

ఆ సాయంత్రం కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది.

"అమ్మా, రైలెక్కాం. పడమటి వైపు వచ్చేశాం. చార్జింగు లేదు, ఇది ఎవరిదో ఫోను. నలుగురం బాగున్నాం. వార్డెన్ వాళ్ల తమ్ముడు ఆరింటికే వ్యానులో దింపాడు. పక్క హాస్టలు వాళ్లు ముందురోజే బయల్దేరితే సైనికులు తుపాకులు గురిపెట్టి నేల మీద పడుకోబెట్టారంట, అదృష్టం కొద్దీ వదిలేశారు. రష్యా అమ్మమ్మకి చెప్పు, ఆ ముసలామె మాకు రొట్టె మూట కట్టిచ్చింది. తన నంబరు రాసిచ్చి అమ్మమ్మకి ఇవ్వమంది."

నేను మెట్ల దగ్గరికి పరిగెత్తి చెప్పాను. పిన్నిగారు "సరే" అని గోడ పట్టుకుని లేవబోయారు. కాళ్లు తిమ్మిరెక్కి లేవలేకపోయారు. భుజం కింద చెయ్యి వేసి లేపాను. క్షమించమని అడగాల్సిన సమయం అదే. నోటి దాకా వచ్చింది. "కాఫీ పెట్టనా పిన్నిగారూ?" అన్నాను.

"పెట్టు," అన్నారు.

లహరి ఇంటికి చేరిన ఆదివారం, చర్చి నుంచి వచ్చాక పిన్నిగారు ఆ నంబరుకి ఫోను చేశారు. కృతజ్ఞతలు చెప్పడానికి. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆ ఇద్దరు ముసలమ్మలూ మాట్లాడుకునేవారు. ఒకామెకి భర్త లేడు, ఇంకొకామెకి పెళ్లే లేదు. ఏం మాట్లాడుకుంటారని అడిగితే, "మోకాళ్ల నొప్పులు," అనేవారు.

వీధిలో కొందరు ఆవిడని కదిపేవారు. పాత సహోద్యోగి ఒకాయన వచ్చి, "మీ రష్యా చేసిన పని చూశారా?" అన్నారు. ఇంకొకాయన, "రష్యాదే న్యాయం కదండీ, మీరైతే ఒప్పుకుంటారు," అన్నారు. పిన్నిగారు ఇద్దరికీ ఒకే జవాబు చెప్పారు. "నాకు టీవీలో చెప్పేది తెలియదండీ. అక్కడొకావిడకి సైరను మోగితే మోకాళ్లతో మెట్లు దిగడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంట నాకు తెలుసు."

తర్వాతి చలికాలంలో ఒక ఆదివారం ఫోను రెండు నిమిషాల్లోనే అయిపోయింది. వార్డెన్ తమ్ముడు, పిల్లల్ని స్టేషన్‌కి దింపినాయన, వ్యాను మీద బాంబు పడి చనిపోయాడు. ఏడ్చి ఏడ్చి ఆమె అందట, "నువ్వు మంచిదానివి. కానీ ఈ భాషలో నాతో ఇక మాట్లాడకు. మా ఇంట్లో ఈ భాష మాట్లాడటం మానేశాం. నాకు వినబుద్ధి కావట్లేదు."

పిన్నిగారు ఆ పూట తలుపు తియ్యలేదు. మర్నాడు నేను టిఫిను పట్టుకెళ్తే మంచం నిండా పుస్తకాలు పరిచి ఉన్నాయి. ఒక్కో దాని మొదటి పేజీ కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూస్తున్నారు.

"ఇది చూడు," అని వాళ్ల నాన్న తెచ్చిన మొదటి పుస్తకం నా చేతిలో పెట్టారు. పేరు కింద చీమల్లాంటి అక్షరాలు. ఉక్రెయిన్ జానపద కథ అని ఉంది.

"అరవై ఏళ్లు చదివానమ్మా. ఇది చదవలేదు. అంతా కలిపి ఒకటే అనుకున్నాను. బొమ్మ చూసుకున్నాను గానీ ఎవరి బొమ్మో చూసుకోలేదు."

ఆ వారంలోనే కొత్త నోటుబుక్కు కొనుక్కున్నారు. అరవై తొమ్మిదేళ్ల వయసులో ఉక్రెయిన్ భాష అక్షరాల దగ్గర నుంచి మొదలుపెట్టారు. లహరి ఫోనులో పాఠాలు వెతికి పెట్టింది. రష్యన్‌కి దగ్గరగా ఉండటమే కష్టంగా ఉందనేవారు. "నోరు పాత దారిలోకి పోతోంది," అని నాలుక మీద తనే ఒకటి తట్టుకునేవారు. ఎనిమిది నెలలు ఆ నంబరుకి ఫోను చెయ్యలేదు. వార్డెన్ ఉందో లేదో తెలియదు. ఆ పట్నం పేరు వార్తల్లో వచ్చినప్పుడల్లా పిన్నిగారి వేళ్లు కొంగు చివర్ని మెలితిప్పేవి. "ముందు ఒక్క వాక్యమైనా తిన్నగా రావాలి," అనేవారు.

చివరికి ఒక ఆదివారం నన్ను కూడా కూర్చోబెట్టుకుని ఫోను కలిపారు. రింగు చాలాసేపు అయింది. అవతల ఎత్తారు. పిన్నిగారు నోటుబుక్కులో చూసి ఒక వాక్యం చదివారు. మీరు బాగున్నారా, మీ మోకాళ్లు ఎలా ఉన్నాయి అని. చదివేసి ఆవిడ నా వంక చూసిన చూపు, పరీక్ష తప్పిన పిల్ల చూపు. తర్వాత ఫోనులోంచి ఒక మాట వినిపించింది. ఒకే మాట, రెండుసార్లు, నెమ్మదిగా. పిన్నిగారు దాన్ని తిరిగి పలికారు. అవతలామె మళ్లీ పలికింది. పిన్నిగారు మళ్లీ.

"ఏమంటోంది?" అని సైగ చేశాను.

ఫోను అరచేత్తో మూసి, "మోకాలు అనే మాట తప్పు పలికానంట. దిద్దుతోంది," అన్నారు. కళ్లనిండా నీళ్లు.

అక్కడి నుంచి మళ్లీ ప్రతి ఆదివారం. బుడమేరు వాగు పొంగి మా ఊళ్లో సింగ్ నగర్ మునిగినప్పుడు అవతలామే కంగారుగా ఫోను చేసింది, మీ ఇంట్లోకి నీళ్లు వచ్చాయా అని. మా వైపు రాలేదని నమ్మించేసరికి పిన్నిగారికి ఉన్న మాటలన్నీ అయిపోయాయి.

పోయిన నెల పిన్నిగారు నిద్రలోనే వెళ్లిపోయారు. శుక్రవారం సమాధి చేశాం. లహరి ఇంకో దేశంలో చదువు చివరికొచ్చి, సెలవులకి ఇంట్లో ఉంది. ఆదివారం చర్చి అయ్యే వేళకి పిన్నిగారి ఫోను మోగింది. ఇంకా రాలేదేమని అవతలామే చేసింది.

లహరి ఎత్తింది. దానికి వచ్చిన నాలుగు ఉక్రెయిన్ మాటలూ కూడబలుక్కుని చెప్పింది. అవతల నుంచి ఏడుపు వినపడలేదు. ఆమె ఏదో అడిగింది, లహరి జవాబు చెప్పింది. ఆమె ఇంకేదో అంది.

"ఆవిడతో ఆఖరిదాకా ఉన్నది ఎవరని అడుగుతోందమ్మా. నువ్వని చెప్పాను. నీతో మాట్లాడుతుందంట."

"నాకేం వచ్చే, మాట్లాడటానికి?"

"తెలుగులో మాట్లాడు. ఆమె అలాగే అంది."

ఫోను తీసుకున్నాను. అవతల ఊపిరి వినిపిస్తోంది. నమస్కారమండీ అన్నాను. తర్వాత మొదలుపెట్టాను. ఆ రోజు పొద్దున్న పదిన్నరకి డిక్షనరీ పట్టుకుని వచ్చిన మనిషిని నేను ఏమన్నానో, ఆవిడ మెట్టు మీద ఎంతసేపు కూర్చున్నారో, ఆ తర్వాత ఇన్నేళ్లలో ఎన్నిసార్లు చెప్పబోయి కాఫీ పెట్టనా అన్నానో, అన్నీ చెప్పాను. తప్పయిపోయిందండీ అన్నాను. లహరి నన్నే చూస్తూ నిలబడింది. ఈ సంగతి దానికి తెలియడం కూడా అప్పుడే.

ఆ ముసలామెకి ఒక్క ముక్క కూడా అర్థమై ఉండదు. కానీ నేను ఆగేదాకా విన్నది. ఆగాక కూడా ఫోను పెట్టెయ్యలేదు.